జీవకణంలోని వార్తాహరులు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

మన కళాశాలలో జీవశాస్త్రం చదివే విద్యార్థినీ విద్యార్థులు ఏటీపీ అనే మూడక్షరాలను ఏడాదికి ఎన్నిసార్లు వ్రాస్తారో లెక్కలేదు. అది అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే పదార్థానికి పొట్టిపేరని, జీవకణానికి శక్తినిచ్చే ద్రవ్యమని అందరూ ఎరుగుదురు. కాని ఆ పదార్థాన్ని కండరం నుండి వేరుచేసి లోకానికి చూపిన తొలివారిలో ఒకరు భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషన్ రెండుమార్లు తప్పిన తెలుగువాడని ఎరిగినవారు అరుదు. ఆ మహనీయుడే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

దుండిగల్ పరిసరాలలో నివసించే మనకు ఆయన దూరపు చుట్టం కాదు. 1960వ దశకంలో బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం వెలసింది మొదలు, జీడిమెట్ల, బొల్లారం, గాగిల్లాపూర్ మీదుగా శామీర్‌పేట జీనోమ్ వ్యాలీ వరకు నగరపు ఉత్తర దిక్కంతా ఔషధ పరిశ్రమలతో నిండిపోయింది. మన విద్యార్థుల తండ్రులు, అన్నదమ్ములు ఎందరో వాటిలో పనిచేస్తున్నారు. మందుబిళ్ళ మన ప్రాంతానికి బ్రతుకుతెరువు. ఆ బిళ్ళల వెనుక ఉన్న శాస్త్రంలో సుబ్బారావుగారి పాలు ఎంతటిదో తెలుసుకొనుట మనకు కేవలం విజ్ఞానదాయకం మాత్రమే కాదు, కృతజ్ఞతా ధర్మం కూడ.

ఆయన చరిత్రను మేము ఇక్కడ ఒక ప్రత్యేక దృష్టితో పరిశీలింపదలచాము. జీవకణం ఒంటి గది ఇల్లు కాదు. అందులో కేంద్రకం, మైటోకాండ్రియా, అంతర్జీవద్రవ్య జాలం, రైబోజోములు, లైసోజోములు మొదలగు కణాంగాలు వేరు వేరు పనులు చేసుకుంటూ ఉంటాయి. ఏ ఒక్కటీ తనంత తాను బ్రతుకలేదు. ఒకదాని స్థితి మరొకదానికి తెలియాలి, ఒకదాని సరుకు మరొకదానికి అందాలి. ఈ రాకపోకలు సాగినంతకాలం ఆరోగ్యం, తెగినప్పుడు రోగం. సుబ్బారావుగారు జీవితాంతం శ్రమించి వెలికితీసిన పదార్థాలలో ముఖ్యమైనవి ఈ రాకపోకలకు సంబంధించినవే కావడం విశేషం. ఆయన జీవించి ఉండగా ఈ సంగతి పూర్తిగా వెల్లడి కాలేదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం మానవలసివచ్చింది. ఏడుగురు పిల్లల సంసారం. తల్లి వెంకమ్మగారు పట్టుదల గల ఇల్లాలు. బాల్యంలో సుబ్బారావుకు చదువుపై మనసు నిలువలేదు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవచ్చునని ఇల్లు విడిచి కాశీకి బయలుదేరగా తల్లి వెదకి పట్టుకొని వెనుకకు తెచ్చిందని ఆయన చరిత్రకారులు చెబుతారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. చివరకు మదరాసు హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ఆ నడుమ తండ్రి గతించారు. కొడుకు చదువుకై ఆ తల్లి తన నగలను సైతం వదులుకొన్నది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న కాలంలో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యసించదలచారు, తల్లి అంగీకరించలేదు. సేవ చేయదలచినవానికి వైద్యం కూడ సేవామార్గమేనన్న తలంపుతో మదరాసు వైద్య కళాశాలలో చేరారు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువుకు సాయపడ్డారు. వారి కుమార్తె శేషగిరిగారే సుబ్బారావుగారి ధర్మపత్ని. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రవైద్య తరగతికి వెళ్ళడం ఆంగ్లేయ ఆచార్యునికి కంటగింపయింది. ఫలితంగా ఎంబీబీఎస్ బదులు అంతకు తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం లభించలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధిస్తూ కాలం గడిపారు.

ఆ రోజులలోనే ఆయన కుటుంబంపై పిడుగు పడింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధితో స్వల్ప వ్యవధిలో ఒకరి వెంట ఒకరు మరణించారు. ఈ వ్యాధిలో తిన్న ఆహారం ఒంటబట్టదు. ఎడతెగని విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కృశించిపోతాడు. సుబ్బారావుగారికి సైతం ఆ వ్యాధి సోకగా లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకొన్నారు. తన పట్టా తన సోదరులను రక్షించలేకపోయిందన్న వేదన ఆయనను వదలలేదు. రోగానికి మూలమేమిటో తెలియనిదే మందు లేదు. మూలం తెలియాలంటే పరిశోధన కావాలి. ఆ నిశ్చయంతో, మామగారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక సాయంతోను 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. భార్య అప్పటికి గర్భవతి. తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే కన్నుమూశాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనేలేదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిళ్ళు చిల్లర పనులు చేశారు. డిప్లొమా పొందిన పిమ్మట జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేరారు. వారిరువురు కలిసి రక్తంలోను, మూత్రంలోను ఉన్న భాస్వరాన్ని నీలిరంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధికెక్కిన ఈ విధానాన్ని తరతరాల జీవరసాయన విద్యార్థులు ప్రయోగశాలలో నేర్చుకొన్నారు. చూడడానికి ఇది చిన్న పని. కాని మంచి కొలబద్ద చేతికి వచ్చినవానికి అంతకు ముందు కనబడనివి కనబడతాయి.

కనబడినది ఇది. కండరంలో ఉన్న భాస్వరమంతా వారు ఊహించిన రూపంలో లేదు. కొంత భాగం క్రియాటిన్ అనే పదార్థంతో ముడిపడి ఉండి, కండరం పనిచేసినప్పుడు విడిపోతున్నది. విశ్రాంతిలో మరల కలుస్తున్నది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం పుట్టుక వల్ల కలుగుతుందన్న అభిప్రాయం అప్పటికి బలంగా ఉండేది. కండర పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి హిల్, మేయర్‌హాఫ్‌లకు లభించి ఎంతో కాలం కాలేదు. ఆ అభిప్రాయపు పునాదులు ఇప్పుడు కదిలాయి. 1929లో ఫిస్క్, సుబ్బారావులు కండరం నుండి ఏటీపీని వేరుచేసిన సంగతి వెల్లడించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా ఆ పదార్థాన్నే కనుగొన్నాడు. కనుక ఈ కీర్తి ఒక్కరిది కాదు. ఏటీపీ జీవులన్నింటా శక్తి మారకమని 1941లో వివరించినవాడు ఫ్రిట్జ్ లిప్‌మన్. మన తెలుగువారి ఘనత చెప్పుకొనేటప్పుడు ఇతరుల వాటా తగ్గించి చెప్పుట న్యాయం కాదు. ఉన్న వాటాయే గర్వింపదగినంత ఉన్నది.

ఏటీపీ చేసే పని బోధపడాలంటే ఒకనాటి మనియార్డరును తలచుకొందాము. ఊరు విడిచి గల్ఫ్‌కో, బొంబాయికో వెళ్ళిన కొడుకు పంపిన సొమ్ము ఇంటికి చేరితే పొయ్యి వెలుగుతుంది. సొమ్ముతోపాటు వాడు క్షేమంగా ఉన్నాడన్న వార్త కూడ చేరుతుంది. రాకపోతే ఆ రాకపోవడం కూడ వార్తయే. మైటోకాండ్రియాలలో పుట్టిన ఏటీపీ కణమంతటికీ వెళ్ళి ఖర్చవుతుంది. ఖర్చయిన శేషం ఏడీపీగా వెనుదిరిగి వచ్చి మరల ఏటీపీగా మారుతుంది. ఒక రోజులో మనిషి దేహం తన బరువుతో దాదాపు సమానమైన ఏటీపీని ఈ విధంగా తిప్పుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. ఏ క్షణాన చూచినా నిలువ ఉండేది మాత్రం స్వల్పమే. ఏటీపీ తగ్గి ఏఎంపీ పెరిగినపుడు కణంలోని ఒక ఎంజైము ఆ మార్పును పసిగట్టి, పొదుపు చేయవలసిన చోట పొదుపు చేయిస్తుంది. అనగా ఏటీపీ సొమ్మూ, సందేశమూ కూడ.

ఈ సందేశాల మార్గాలను 20వ శతాబ్దపు చివరి భాగంలో శాస్త్రజ్ఞులు మరింత నిశితంగా చూడగలిగారు. మైటోకాండ్రియా, అంతర్జీవద్రవ్య జాలం కొన్నిచోట్ల 10 నుండి 30 నానోమీటర్ల ఎడముతో ఒకదానినొకటి ఆనుకొన్నట్లే నిలుస్తాయి. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు నానోమీటరు. ఇరుగు పొరుగు ఇళ్ళ గోడల నడుమ సందువంటి ఆ చోటులో కాల్షియం ఇటునుండి అటు పోతుంది. పొరలకు కావలసిన కొవ్వుపదార్థాలు చేతులు మారుతాయి. కాల్షియం తగుమాత్రం అందితే మైటోకాండ్రియా ఏటీపీ ఉత్పత్తిని పెంచుతుంది. మితిమీరి అందితే ఉబ్బి పగిలి కణానికి మరణశాసనం వ్రాస్తుంది. గుండెపోటులో రక్తప్రసారం ఆగి ప్రాణవాయువు అందనప్పుడు ఏటీపీ అడుగంటుతుంది. కాల్షియాన్ని వెనుకకు తోడే పంపులు ఏటీపీ లేనిదే నడువవు. కాల్షియం పేరుకొని గుండెకణం నశిస్తుంది. పార్కిన్సన్, అల్జీమర్స్, మధుమేహ వ్యాధులలో సైతం ఈ ఇరుగుపొరుగు సంబంధం చెడినట్లు పరిశోధనలు చూపుతున్నాయి. 1929లో సుబ్బారావుగారి గాజునాళికలో తేలిన పదార్థం ఇంత కథకు మూలద్రవ్యం.

ఆయన బ్రతుకు మాత్రం ఆ రోజులలో సుఖంగా సాగలేదు. 1930లో పీహెచ్‌డీ పట్టా వచ్చినది. ఉద్యోగంలో హెచ్చు రాలేదు. హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కదని తేలిన పిమ్మట 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి, అనతికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఒకచోట మూసిన తలుపు ముందు నిలబడి దుఃఖిస్తూ కూర్చోలేదు.

లెడర్లీలో ఆయన మొదట పట్టుకొన్న సమస్య, సోదరులను బలిగొన్న రక్తహీనతకు సంబంధించినదే. 1931లో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయి నేతమిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని చూపింది. అందులోని గుణకారి ఏదో తెలియలేదు. 1941లో పాలకూర ఆకుల నుండి లభించిన ఒక పదార్థానికి ఆకు అన్న అర్థం గల లాటిన్ మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం దాని నిర్మాణం తేల్చి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. మరుసటి సంవత్సరం నాటికే టామ్ స్పైస్ అనే వైద్యుడు దానిని స్ప్రూ రోగులకు ఇవ్వగా వారు కోలుకొన్నారు. సోదరులు మరణించిన రెండున్నర దశాబ్దాలకు వారి వ్యాధికి మందు సుబ్బారావుగారి ప్రయోగశాల నుండే వెలువడింది. ఈనాడు మన ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే బిళ్ళలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఇది కూడ కణాంగాల సంభాషణకు చెందినదే. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏకు ఇటుకలు కావాలి. ఆ ఇటుకలకు అవసరమైన ఒంటి కర్బన ఖండాలను మోసేవి ఫోలిక్ ఆమ్లం నుండి పుట్టిన రూపాలు. మైటోకాండ్రియా సెరీన్ అనే అమైనో ఆమ్లం నుండి ఆ ఖండాన్ని తీసి, ఫార్మేట్ అనే చిన్న అణువుగా మార్చి వెలుపలి కణద్రవ్యానికి పంపుతుంది. అక్కడ ఇటుకల తయారీ జరుగుతుంది. ఈ సరఫరా సక్రమంగా ఉంటే రక్తకణాలు పుడతాయి, లోపిస్తే రక్తహీనత. క్యాన్సరు కణాలు ఈ సరఫరానే విపరీతంగా వాడుకొని పెరుగుతాయి.

అందుకే ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని స్థానంలో దూరి పని ఆపివేసే పదార్థాలు ఔషధాలయ్యాయి. సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చాడు. వారిలో 10 మందికి తాత్కాలికంగా వ్యాధి తగ్గింది. 1948 జూన్‌లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అంతవరకు ఆ వ్యాధి సోకిన బిడ్డకు వారాలలో మరణమే గతి. తాత్కాలికమైనను అది క్యాన్సరు మందుల చికిత్సకు తొలి వెలుగు. అదే వర్గానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుకలో ఉన్నది.

మరొక రెండు కానుకలు ఆయన నాయకత్వంలో లెడర్లీ నుండి వచ్చాయి. మొదటిది 1947లో వెలువడిన హెట్రజాన్. బోదకాలుకు కారణమయ్యే క్రిములపై పనిచేసే ఈ మందే డీఈసీ. 2004 నుండి మన దేశంలో బోదకాలు పీడిత జిల్లాలలో ఇంటింటికీ పంచిన బిళ్ళ ఇదే. రెండవది 1948లో ప్రకటింపబడిన ఆరియోమైసిన్. మట్టిలోని సూక్ష్మజీవి నుండి దీనిని కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు. పరిశోధనకు సారథ్యం సుబ్బారావుగారిది. టెట్రాసైక్లిన్ల వంశానికి అది మూలపురుషుడు. బాక్టీరియా రైబోజోములకు అంటుకొని ప్రోటీను తయారీని ఆపుట దాని పని. మైటోకాండ్రియాలలోని రైబోజోములు బాక్టీరియా రైబోజోములను పోలి ఉంటాయి. మైటోకాండ్రియాలు ప్రాచీన కాలంలో స్వతంత్ర బాక్టీరియాల నుండి వచ్చినవే కావడం దీనికి కారణం. అందుచేత ఈ మందు మోతాదు మించితే మన మైటోకాండ్రియాలను కూడ కొంత తాకగలదు. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొని మింగేవారు గమనింపదగిన విషయమిది.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, పెర్ల్ రివర్‌లోని తన నివాసంలో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు మరణించారు. 26 సంవత్సరాలలో ఒక్కసారియైనా స్వదేశానికి రాలేదు. అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. శేషగిరిగారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. మహనీయుల చరిత్రలు వ్రాసేవారు ఈ ఘట్టాన్ని త్యాగమని ఒక్క మాటతో దాటివేయుట కద్దు. త్యాగం నిజమే, కాని అది ఆయన ఒక్కరిదే కాదు. అడగకుండానే ఆమె చేత కూడ చేయించబడినది. ఈ సంగతి చెప్పకుండా ఆయన కీర్తి మాత్రమే చెప్పుట అసంపూర్ణమని మేము భావిస్తున్నాము.

నోబెల్ బహుమతి ఆయనకు రాలేదు. లెడర్లీలో జరిగిన పనికి తన పేరు ముందు పెట్టుకోలేదు. సహచరుల పేర్లతోనే అనేక ఫలితాలు వెలువడ్డాయి. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆయన చేసిన పనితో పోల్చినపుడు ఇవి స్వల్పమే. ఐనను, పేరు తెలియని ఇళ్ళలో ఆయన మందు బిళ్ళలు ఉన్నాయి. పేరు తెలియని దేహాలలో ఆయన చూపిన అణువులు నడుస్తూనే ఉన్నాయి.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఆయన రెండుమార్లు తప్పారని చెప్పి, తప్పినవారందరు గొప్పవారవుతారని మేము అనము. అటువంటి ఓదార్పు నిజం కాదు. తప్పిన తరువాత ఆయనకు మూడవ అవకాశం ఇచ్చిన బడి ఉన్నది. నగలిచ్చిన తల్లి ఉన్నది. రుసుము కట్టిన మామగారు ఉన్నారు. ఓడ ప్రయాణానికి ఆదుకొన్న ధర్మసంస్థ ఉన్నది. వీరిలో ఏ ఒక్కరు చేయి ముడుచుకొన్నా ఆ గొలుసు తెగిపోయేది. కణంలో వలెనే సమాజంలో కూడ ఒకరి నుండి మరొకరికి అందవలసినది అందినప్పుడే ప్రాణం నిలుస్తుంది.

కావున కళాశాల పాలకవర్గ పెద్దలకు మా సవినయ మనవి ఒకటి. మొదటి సంవత్సరం పరీక్ష తప్పిన పిల్లలు, అందులోను ఉర్దూ మాధ్యమం నుండి వచ్చి ఆంగ్ల పుస్తకాలతో కుస్తీపట్టే పిల్లలు, మరుసటి నెలలోనే సమీప కర్మాగారాలలో రోజుకూలికి చేరిపోతున్నారు. ఆడపిల్లలైతే ఇంటిలోనే ఉండిపోతున్నారు. వారి పేర్లు హాజరుపట్టీ నుండి కొట్టివేయడానికి ముందు ఒక సాయంకాలపు తరగతి, రుసుము కట్టలేనివారికి ఒక చిన్న నిధి ఏర్పాటు చేయగలిగితే చాలును. సుబ్బారావుగారికి మూడవమారు తెరిచిన తలుపు వంటిది మన కళాశాలలో కూడ ఒకటి ఉండాలి. ఆ తలుపు తెరచి ఉంచుటయే ఆయనకు మనం అర్పింపగల నివాళి.